కాయిల్ మార్చకండి టీచర్ గారూ, ముందు దానికి వచ్చే వైరు చూడండి

ప్రశ్న: మాది టెక్కలి. హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. మా నాన్నగారి 1986 మోడల్ పెట్రోల్ అంబాసిడర్ నౌపడలో మా పాత ఇంటి షెడ్డులో నాలుగేళ్లు కదలకుండా ఉండిపోయింది. ఆయన పోయాక నేను బయటికి తీయించాను. మొదట్లో సరిగా స్టార్ట్ అయ్యేది కాదు. ఒక ఎలక్ట్రీషియన్ కాయిల్ (ప్లగ్గులకి నిప్పు పుట్టించే డబ్బా) మార్చాడు, తర్వాత బ్యాటరీ నుంచి కాయిల్‌కి నేరుగా ఒక వైరు లాగి, డాష్‌బోర్డు కింద ఇంట్లో లైటుకి వాడే స్విచ్ బిగించాడు. అప్పటి నుంచి స్టార్టింగ్ బాగుంది కానీ, శ్రీకాకుళం బయల్దేరితే నరసన్నపేట దాటాకో, మడపాం టోల్‌గేట్ క్యూలోనో ఆగిపోతోంది. అరగంట వదిలేస్తే మళ్లీ స్టార్ట్ అవుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు మిస్సింగ్ (ఇంజిన్ తడబడటం) కూడా ఉంది. ఏడాదిలో మూడు కాయిల్స్ మార్చాం. ఇప్పుడున్న కాయిల్ మీద చెయ్యి పెట్టలేనంత వేడి. దాని మీద ఇంగ్లిషులో 'బయట రెసిస్టర్ పెట్టి వాడాలి' అని రాసి ఉంది. ప్లస్ గుర్తు ఉన్న వైపు డెల్కోకి (నిప్పుని ఒక్కో ప్లగ్గుకీ పంచే డిస్ట్రిబ్యూటర్) వెళ్లే వైరు బిగించి ఉంది. నాన్నగారి పాత కాయిల్ డబ్బాలో దొరికింది, దాని మీద ఎస్‌డబ్ల్యూ, సీబీ అనే అక్షరాలున్నాయి. బండి తుక్కుకి అమ్మేయమని మా తమ్ముడు గొడవ. రథసప్తమికి అమ్మని ఇదే బండిలో అరసవల్లి తీసుకెళ్లాలని నా కోరిక. స్కూల్ ల్యాబ్‌లో మల్టీమీటర్ ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం: టీచర్ గారూ, నాలుగో కాయిల్ మాత్రం కొనకండి. మీ ఉత్తరంలో చాలామంది వదిలేసే రెండు ముక్కలు మీరు రాశారు, కాయిల్ మీద ఏం రాసి ఉందో ఒకటి, ప్లస్ వైపు ఏ వైరు ఉందో రెండోది. సగం జబ్బు ఆ రెండింట్లోనే ఉంది. ఆ మూడు కాయిల్స్ వాటంతట అవి పోయాయని నేను అనుకోవడం లేదు, వాటిని కాల్చేసింది బ్యాటరీ నుంచి వచ్చిన ఆ వైరు. నేను విజయనగరంలో 31 ఏళ్లుగా ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తున్నాను, పని నేర్చుకున్నది సాలూరులో, లారీల మీద. కార్ల పనిలోకి వచ్చిన కొత్తలో బండి ఆగిపోయిందంటే నేనూ ముందు కాయిల్ మీదే చెయ్యి వేసేవాడిని. 'కాయిల్ పోనాదమ్మా, మార్చీడమే' అనేస్తే ఇద్దరికీ పని తొందరగా తెమిలిపోతుంది. కొత్త కాయిల్ చల్లగా ఉంటుంది కాబట్టి బండి ఆ పూటకి స్టార్ట్ అవుతుంది కూడా. అందుకే ఆ మాటని ఎవరూ తప్పు పట్టరు.

మీరు పదో తరగతికి చెప్పే పాఠమే ఈ డబ్బాలో ఉంది. లోపల ఇనుప కోర్ చుట్టూ రెండు చుట్లు. ఒకటి లావు తీగ, కొన్ని వందల చుట్లు, రెండోది వెంట్రుకలాంటి సన్న తీగ, ఇరవై వేల చుట్ల దాకా. డెల్కోలో పాయింట్లు, అంటే ఇంజిన్ తిరిగే కొద్దీ తెరుచుకుని మూసుకునే చిన్న స్విచ్ లాంటి ముక్కలు, మూసుకున్నప్పుడు లావు తీగలో కరెంటు పారి అయస్కాంత క్షేత్రం నిలబడుతుంది, పాయింట్లు విడిపోగానే ఆ క్షేత్రం ఒక్కసారిగా కూలిపోయి, మొదటి చుట్టలోనే రెండు మూడు వందల వోల్టులు పుట్టి, రెండో చుట్టలో అది ఇరవై వేలు దాటుతుంది. ఆ దెబ్బే ప్లగ్గులో నిప్పు. ఈ పద్ధతిని కార్లకి బాగా పనికొచ్చేలా తయారుచేసింది అమెరికాలో ఛార్లెస్ కెట్టరింగ్. ఆయన 1909లో డేటన్‌లో ఇంకొకరితో కలిసి పెట్టిన కంపెనీ పేరు పొట్టి చేస్తే డెల్కో. మన మెకానిక్కులు డిస్ట్రిబ్యూటర్‌ని ఇప్పటికీ డెల్కో అంటున్నది ఆ పేరుతోనే. మీ బండిలో ఉన్నది లూకాస్ అనే బ్రిటిష్ కంపెనీ పద్ధతిదే అయినా, మన ఊళ్లలో పేరు డెల్కోయే.

ఇప్పుడు లెక్కకి రండి. పాత పన్నెండు వోల్టుల కాయిల్స్ రెండు రకాలు. ఒక రకంలో లావు తీగ నిరోధం సుమారు 3 ఓములు, దానికి బ్యాటరీ వోల్టేజ్ నేరుగా ఇవ్వచ్చు. రెండో రకంలో సుమారు ఒకటిన్నర ఓము, దానికి ముందు ఇంకో ఒకటిన్నర ఓము రెసిస్టర్ వరసలో ఉండాలి, దాన్నే బ్యాలస్ట్ అంటారు. మీ కాయిల్ మీద రాసి ఉన్నది ఆ సంగతే. ఇంజిన్ నడుస్తున్నప్పుడు లైన్లో 13.8 వోల్టులు ఉన్నాయనుకుంటే, 3 ఓముల కాయిల్ 4.6 ఆంపియర్లు లాగుతుంది, ఒకటిన్నర ఓముల కాయిల్‌కి బ్యాలస్ట్ లేకుండా ఇస్తే 9.2 ఆంపియర్లు. కరెంటు రెట్టింపు, కాయిల్ లోపల పుట్టే వేడీ రెట్టింపే, 63 వాట్లు ఉండాల్సింది 127 వాట్లు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు పాయింట్లు మూసుకుని ఉండే సేపు మాత్రమే ఇంత కరెంటు కాబట్టి సగటు ఇంకా తక్కువే ఉంటుంది, కానీ తేడా మాత్రం అదే. ఆ 9 ఆంపియర్లూ పాయింట్ల మీదుగానే పోతాయి కాబట్టి అవి కూడా నల్లగా మాడి గుంటలు పడతాయి.

బండి మడపాం క్యూలోనే ఎందుకు ఆగుతుందో కూడా ఇందులోనే తెలుస్తుంది. ఇంజిన్ జోరుగా తిరుగుతున్నప్పుడు పాయింట్లు మూసుకుని ఉండే సమయం చాలా తక్కువ, కరెంటు పూర్తిగా ఎక్కేలోపే మళ్లీ తెరుచుకుంటాయి. ఐడిల్‌లో నిలబడ్డప్పుడు అలా కాదు, ప్రతిసారీ కరెంటు నిండా ఎక్కి అక్కడే కాసేపు నిలబడుతుంది. పైగా గాలి ఆడదు, బానెట్ కింద ఇంజిన్ వేడి. నరసన్నపేట దాకా ఎలాగో నెట్టుకొచ్చిన కాయిల్ టోల్‌గేట్ దగ్గర చేతులెత్తేస్తుంది. వేడికి తీగ మీది పూత మెత్తబడి, సన్న చుట్టలో పొరల మధ్య షార్ట్ అవుతుంది, లేకపోతే ఎక్కడో అతుకు విడిపోతుంది. అరగంటలో చల్లారితే మళ్లీ కలుస్తుంది. చల్లగా ఉన్నప్పుడు షాపులో మీటరు పెట్టి 'కాయిల్ బాగానే ఉంది' అని చెబితే అది అబద్ధం కాదు, వేడిగా ఉన్నప్పుడు చూడలేదు, అంతే.

ఇంక ఆ ఇంటి స్విచ్ సంగతి. ఇది రాస్తుంటే నాకు భయమేస్తోందమ్మా. బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు లేకుండా ఒక వైరు, ఇంజిన్ పక్కనుంచి, రేకు కన్నంలోంచి లోపలికి వచ్చి, స్విచ్ దాకా వెళ్లి తిరిగి కాయిల్‌కి. ఆ కన్నం అంచు కోసి వైరు బాడీకి తగిలితే మీ స్విచ్ ఆఫ్‌లో ఉన్నా ఉపయోగం లేదు, బ్యాటరీలో ఉన్న కరెంటంతా ఆ వైరులోంచి పోయి అది కొలిమిలా ఎర్రగా అవుతుంది, పక్కనే పెట్రోల్ గొట్టం. ఇంకొకటి, తాళం తిప్పి తీసేసినా ఇంజిన్ ఆగదు, ఆ స్విచ్ నొక్కాల్సిందే. ఎప్పుడైనా ఇంజిన్ దానంతట అది ఆగిపోయి, ఆ స్విచ్ ఆన్‌లోనే ఉండిపోయి, పాయింట్లు మూసుకుని ఉన్న చోట ఆగితే, కాయిల్ ఆ 9 ఆంపియర్లతో నిలువునా ఉడుకుతుంది. మీ మూడింట్లో ఒక్కటైనా ఇలాగే పోయి ఉంటుంది. తాళం ఆన్‌లో పెట్టి పాటలు వింటూ కూర్చునే అలవాటు ఇంట్లో ఎవరికైనా ఉంటే అదీ మానిపించండి, పాయింట్ల బండికి అది పనికిరాదు. మిగతా పనులన్నీ తర్వాత, ఆ వైరుని బ్యాటరీ దగ్గర ఇవాళే విప్పేయండి.

విప్పేస్తే బండి స్టార్ట్ కాకపోవచ్చు. మొదట అలా స్టార్ట్ కాకపోవడం వల్లనే కదా ఆ ఎలక్ట్రీషియన్ వైరు లాగింది. అంటే మీ అసలు జబ్బు ఇంకా అలాగే ఉంది, దాని మీద ఒక కప్పు కప్పారు. నౌపడ అన్నారు కాబట్టి నాకు అనుమానం వెంటనే అటే వెళ్లింది. ఉప్పు మళ్ల పక్కన నాలుగేళ్లు నిలబడ్డ బండిలో ఇగ్నిషన్ స్విచ్ వెనకాల రాగి టెర్మినల్స్ మీద పచ్చటి చిలుము పట్టకుండా ఉండదు. సముద్రం గాలి పైకి కనిపించే ఇనుమునే కాదు, వైరు తొడుగు లోపలికి కూడా పాకుతుంది. పైకి నిగనిగలాడే వైరుని కోసి చూస్తే లోపల రాగి పోగులు బొగ్గులా నల్లబడి ఉంటాయి. భావనపాడు, కళింగపట్నం, బారువ వైపు నుంచి వచ్చే బండ్లన్నిట్లోనూ నేను చూసేది ఇదే. లూకాస్ పద్ధతిలో తాళం నుంచి కాయిల్‌కి వచ్చేది తెల్ల వైరు, కాయిల్ నుంచి డెల్కోకి వెళ్లేది తెలుపు మీద నల్ల గీత. మీ బండిలో మధ్యలో ఎవరైనా వైరింగ్ మార్చి ఉంటే ఈ రంగుల్ని నమ్మకండి, వైరుని చేత్తో పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా వెళ్లండి.

పరీక్ష మొదలుపెట్టే ముందు, గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ గట్టిగా. చీర కొంగు నడుముకి దోపుకోండి, చున్నీ అయితే తీసేయండి, ఈ బండి ఫ్యాన్ బెల్టుతో తిరిగేది, సెల్ఫ్ కొట్టగానే తిరుగుతుంది. పక్కన పెట్రోల్ కారుతూ ఉంటే ముందు అది ఆపండి. కాయిల్ మధ్య నుంచి డెల్కో మూతలోకి వెళ్లే లావు వైరుని మూత దగ్గర లాగి, దాని కొనని ఒక క్లిప్పు వైరుతో ఇంజిన్ ఇనుముకి గట్టిగా ఎర్త్ చేయండి. గాల్లో వదిలేస్తే నిప్పు పోయే దారి లేక కాయిల్ లోపలి పూతనే చీల్చుకుంటుంది, అలా కూడా మంచి కాయిల్స్ పోతాయి.

మల్టీమీటర్ మంచిదే కానీ, ముందు ఒక టెస్ట్ ల్యాంప్ తయారుచేసుకోండి. స్కూటర్ ఇండికేటర్ బల్బు, 12 వోల్టులది, హోల్డర్‌తో సహా, రెండు వైర్లు, ఒకదానికి మొసలి క్లిప్పు, ఇంకోదానికి గట్టి సూది. నేను బల్బునే ఎక్కువ నమ్ముతాను, ఎందుకంటే మీటరు దాదాపు కరెంటు లాగదు, ఒక్క పోగు మీద వేలాడుతున్న కుళ్లిన వైరులో కూడా నిండా 12 వోల్టులు చూపిస్తుంది. బల్బు కరెంటు లాగుతుంది కాబట్టి మొహం మీదే చెప్పేస్తుంది.

క్లిప్పు ఎర్త్‌కి పెట్టి, తాళం ఆన్ చేసి, కాయిల్‌కి కరెంటు వచ్చే వైపు సూది ఆనించండి. బల్బు వెలగాలి. వెలగకపోతే తాళం నుంచి కాయిల్ దాకా ఎక్కడో తెగింది, వెనక్కి వెనక్కి ప్రతి అతుకు దగ్గరా ఆనించుకుంటూ వెళ్లండి, ఎక్కడ వెలిగితే అక్కడి నుంచి కాయిల్ వైపు ఉన్న ముక్కలో లోపం. వెలిగితే, కాయిల్ రెండో వైపు, అంటే డెల్కో వైరు ఉన్న వైపు ఆనించి, పక్కన ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనండి. అక్కడ బల్బు మిణుకుమిణుకుమనాలి, పాయింట్లు తెరిస్తే వెలుగు, మూస్తే ఆరు. అలా మిణుకుతోందంటే లావు చుట్ట తెగలేదు, పాయింట్లు పని చేస్తున్నాయి, కాయిల్ నుంచి డెల్కోకి వెళ్లే చిన్న వైరు బాగుంది, ఈ మూడూ ఒకే దెబ్బకి తేలిపోయినట్టు. అసలు ఆరకుండా వెలుగుతూనే ఉంటే పాయింట్లు మూసుకోవడం లేదు, లేదా మాడిపోయి కలవడం లేదు, లేదా కాయిల్ నుంచి డెల్కోకి వెళ్లే వైరు తెగింది. అసలు వెలగకపోతే రెండు అనుమానాలు, కాయిల్ లోపల తెగడం ఒకటి, డెల్కో వైపు ఎక్కడో ఎర్త్ అయిపోవడం రెండోది. దీన్ని తేల్చడం తేలిక, ఆ వైపు వైరుని కాయిల్ నుంచి విప్పేసి ఉత్త టెర్మినల్ మీద బల్బు ఆనించండి. ఇప్పుడు వెలిగితే కాయిల్ మంచిదే, లోపం కింద డెల్కోలో. ఇప్పుడూ వెలగకపోతేనే కాయిల్ తెగింది. కాయిల్ మార్చమనే ముందు ఈ ఒక్క పరీక్ష చేసి ఉంటే మీకు ఎంత డబ్బు మిగిలేదో.

ఇప్పుడు మీ మీటరుకి పని. 20 వోల్టుల డీసీలో పెట్టి, ఎర్ర తీగ బ్యాటరీ ప్లస్ స్తంభం మీద, నల్ల తీగ కాయిల్‌కి కరెంటు వచ్చే టెర్మినల్ మీద. తాళం ఆన్. ఇక్కడే అందరూ పొరపడతారు, పాయింట్లు తెరిచి ఉన్న చోట ఇంజిన్ ఆగి ఉంటే కరెంటే పారదు, కరెంటు పారకపోతే వోల్టేజ్ పడదు, మీటరు సున్నా చూపిస్తుంది, అంతా బాగుందనుకుంటారు. కాబట్టి కాయిల్ డెల్కో వైపు టెర్మినల్‌ని ఒక చిన్న వైరుతో ఎర్త్‌కి కలిపి, కొన్ని సెకన్లలో చూసి తీసేయండి. అర వోల్టు లోపు ఉంటే దారి శుభ్రంగా ఉంది. ఒకటిన్నర, రెండు వోల్టులు చూపిస్తే ఆ వోల్టులన్నీ ఏదో చిలుము పట్టిన అతుకులో వేడిగా కాలిపోతున్నాయి. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ ఎలాగూ 10 దగ్గరికి దిగుతుంది, అందులోంచి ఇంకో రెండు పోతే కాయిల్‌కి మిగిలేదెంత? మీ బండి మొదట్లో స్టార్ట్ కాకపోవడానికి కారణం దాదాపు ఇదే అయి ఉంటుంది. ఎలక్ట్రీషియన్ వైరు లాగగానే బాగుపడటమే దానికి సాక్ష్యం, ఆయన లోపం ఉన్న దారిని పక్కన పెట్టి కొత్త దారి వేశాడు. పాత దారినే బాగు చేయండి. ఇగ్నిషన్ స్విచ్ వెనక, దారిలో వచ్చే ప్రతి అతుకు దగ్గర, కాయిల్ దగ్గర, నల్లబడిన కొన కోసేసి, మెరిసే రాగి కనిపించాక కొత్త లగ్గు (వైరు కొనకి తొడిగే లోహపు ముక్క) వేసి గట్టిగా నొక్కి, పైన కొంచెం వాసెలిన్ రాయండి. కోసిన కొద్దీ నల్లగానే వస్తుంటే ఆ వైరు మొత్తం తీసి కార్లకి వాడే సన్న పోగుల వైరు కొత్తది వేయించండి, ఇంటి వైరింగ్ వైరు వద్దు. స్విచ్ లోపలే అరిగిపోయి ఉంటే స్విచ్ మార్చండి. ఎర్త్ వైపు కూడా మరిచిపోకండి, ఇంజిన్ నుంచి బాడీకి ఉండే జడలాంటి పట్టీ మన తీరంలో ముందు అదే తుప్పు పడుతుంది.

డెల్కో లోపలి సంగతి కొంచెం ఓపికగా చూడాలి. మూత తీసి, మధ్యలో తిరిగే రోటర్ పైకి లాగండి. పాయింట్ల మధ్య ఖాళీ, అవి పూర్తిగా తెరుచుకున్నప్పుడు, ఫీలర్ గేజ్‌తో 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి, పాత మేస్త్రీలు 14 నుంచి 16 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) అంటారు. 9 ఆంపియర్లు మోసిన ఆ పాయింట్లు ఇప్పటికే గుంటలు పడి ఉంటాయి, వాటిని రుద్దుతూ కూర్చోకుండా కొత్తవి వేయండి. పాయింటు చేతి కింద ఉండే చిన్న ఫైబర్ వాషర్లు తిప్పి పెట్టినా, ఒకటి మరిచిపోయినా కరెంటు నేరుగా ఎర్త్ అవుతుంది, నిప్పే రాదు. పాయింట్ల మీద నిప్పులు రాలకుండా చూసే కండెన్సర్ కూడా వాటితోనే మార్చేయండి, అది పోతే పాయింట్ల దగ్గర నీలంగా పెద్ద నిప్పులు రాలుతూ ప్లగ్గులో మాత్రం నీరసంగా వస్తుంది, వేడికి పోయి చల్లారితే బాగుపడే గుణం కాయిల్ లాగే దానికీ ఉంది.

అక్కడే ఇంకొక దొంగ ఉంటుంది. డెల్కో లోపలికి వచ్చే చిన్న వైరు, పాయింట్లు కూర్చున్న పళ్లేన్ని బాడీకి కలిపే ఇంకో చిన్న ఎర్త్ తీగ. నిప్పు పడే సమయాన్ని ముందుకి జరిపే వాక్యూమ్ అడ్వాన్స్ లాగినప్పుడల్లా ఆ పళ్లెం కాస్త తిరుగుతుంది, తీగలు దానితో పాటు వంగుతాయి, ఏళ్ల తరబడి వంగి వంగి తొడుగు లోపలే తెగిపోతాయి. బొబ్బిలి నుంచి ఒకాయన తన పద్మిని కారుని తాడు కట్టి లాగించుకొచ్చాడు, డిక్కీలో సంచి నిండా కాయిల్స్. నిలబెట్టి చూస్తే అన్నీ బాగున్నాయి, రోడ్డు మీద యాక్సిలరేటర్ తొక్కితే చచ్చిపోతోంది. పూటంతా వెతికాను. చివరికి ఆ తీగని వేళ్లతో మెల్లగా లాగితే రబ్బరులా సాగింది, లోపల రాగి లేదు. బెత్తెడు తీగ. మీరు కూడా ఆ రెండు తీగల్నీ కాస్త లాగి చూడండి, సాగితే తెగినట్టే.

మిస్సింగ్ సంగతి. మీ బండి బ్యాటరీలో ఏ స్తంభం బాడీకి బిగించి ఉందో చూడండి, మైనస్ అయితే కాయిల్ ప్లస్‌కి తాళం వైరు, మైనస్‌కి డెల్కో వైరు రావాలి. మీకు తిరగేసి బిగించారు. తిరగేసినా నిప్పు వస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. కానీ ప్లగ్గు మధ్య కడ్డీ బాగా వేడెక్కి ఉంటుంది, వేడి లోహం నుంచి ఎలక్ట్రాన్లు సులువుగా బయటికి దూకుతాయి, కాబట్టి మధ్య కడ్డీ నెగటివ్‌గా ఉంటే తక్కువ వోల్టేజ్‌కే నిప్పు దాటుతుంది. తిరగేస్తే చల్లటి పక్క కడ్డీ నుంచి దూకాలి, దానికి ఎక్కువ వోల్టేజ్ కావాలి. చదునులో సరిపోతుంది, ఎత్తులో యాక్సిలరేటర్ తొక్కినప్పుడు సిలిండర్లో ఒత్తిడి పెరిగి సరిపోదు, అదే మీ మిస్సింగ్. పాత ప్లగ్గులు విప్పి చూడండి, పక్క కడ్డీ లోపలి వైపు గిన్నెలా గుంట పడి ఉంటే ఎన్నాళ్లుగానో తిరగేసి నడుస్తోందన్నమాట.

మీ నాన్నగారి పాత కాయిల్ మీద ఎస్‌డబ్ల్యూ అంటే స్విచ్, సీబీ అంటే కాంటాక్ట్ బ్రేకర్, అంటే పాయింట్ల వైపు. ఆ అక్షరాల పద్ధతి, బ్యాటరీ ప్లస్‌ని బాడీకి బిగించే పాత బ్రిటిష్ బండ్ల కాలంలో పుట్టింది. అలాంటి కాయిల్‌ని మైనస్ ఎర్త్ బండిలో అక్షరాలు చూసి బిగిస్తే పొలారిటీ, అంటే ప్లస్ మైనస్ వరస, తిరగబడవచ్చు. అనుమానం తీరాలంటే చెక్కిన పెన్సిల్ చాలు. ఇంజిన్ నడుస్తుండగా ఒక ప్లగ్గు వైరుని ప్లగ్గు తలకి కాస్త దూరంగా, రబ్బరు పిడి ఉన్న కటింగ్ ప్లయర్‌తో పట్టుకుని, మధ్యలో పెన్సిల్ ములుకు పెట్టండి, చెయ్యి చెక్కకి బాగా వెనక. నిప్పు మంటలా విచ్చుకునేది పెన్సిల్‌కీ ప్లగ్గుకీ మధ్య అయితే సరైనది, వైరుకీ పెన్సిల్‌కీ మధ్య అయితే తిరగేసినట్టు. ఒంటరిగా ఉన్నప్పుడు ఈ పరీక్ష చేయొద్దు.

ఆ పాత కాయిల్‌ని పారేయకండి. మీటరుని 200 ఓముల దగ్గర పెట్టి, ముందు రెండు తీగలూ ఒకదానికొకటి ఆనించి వచ్చిన అంకె రాసుకుని, తర్వాత చిన్న టెర్మినల్స్ రెండింటి మధ్య కొలిచి, ఆ అంకె తీసేయండి. 3 దగ్గర వచ్చిందంటే మీ బండికి సరిపోయే రకం అదే. మధ్య కన్నం నుంచి ఒక చిన్న టెర్మినల్‌కి కొలిస్తే కొన్ని వేల ఓములు రావాలి, అసలు ఏమీ చూపించకపోతే సన్న చుట్ట తెగినట్టు. నూనె కారలేదు, మధ్య మూతకి పగులు లేదు అంటే బిగించి చూడండి. పక్కన పెట్టేసిన ఆ కాయిల్‌లో అసలు ఏ లోపమూ లేదని తేలినా నేను ఆశ్చర్యపోను. అది పనికిరాకపోతే షాపులో 'అంబాసిడర్ కాయిల్' అని అడగకండి, 'బ్యాలస్ట్ అక్కర్లేని 3 ఓముల కాయిల్' అని అడిగి, కౌంటర్ మీదే మీటరు పెట్టి కొలిచి డబ్బులివ్వండి. ఇప్పుడున్న దానికే ఒకటిన్నర ఓము బ్యాలస్ట్ కలిపి నడపచ్చు కానీ, ఆ బ్యాలస్ట్ కూడా బాగా కాలుతుంది, వైర్లకి దూరంగా రేకు మీద బిగించాలి, సెల్ఫ్ కొట్టేటప్పుడు దాన్ని దాటవేసే ఏర్పాటు కూడా ఉంటేనే దాని లాభం. పైగా ఇన్నాళ్లు ఉడికిన కాయిల్ అది. నేనైతే పెట్టను.

ఇవన్నీ చేశాక కూడా దారిలో ఆగితే కంగారు పడి సెల్ఫ్ కొడుతూ ఉండకండి. టెస్ట్ ల్యాంప్ డిక్కీలో పెట్టుకోండి, ఆగిన నిమిషంలోనే, చల్లారకముందే, పైన చెప్పిన పరీక్ష చేయండి. కాయిల్ మధ్య నుంచి వచ్చే లావు వైరు కొన నుంచి ఇంజిన్ ఇనుముకి నీలి రంగు నిప్పు చటచటా వస్తూ ఉంటే ఇగ్నిషన్ తప్పు లేదు, పెట్రోల్ వైపు వెళ్లాలి. వేసవిలో పెట్రోల్ గొట్టంలోనే ఆవిరైపోయి ఇలాగే ఆగుతుంది, ఇలాగే అరగంటకి కోలుకుంటుంది, రెండింటినీ కలిపేసుకుని చాలామంది తప్పు చోట డబ్బు పెడతారు.

తమ్ముడి మాట గురించి. ఆయనకి బండి మీద కోపం లేదు, దారిలో అక్క ఒక్కతే నిలబడిపోతోందని భయం ఉండి ఉంటుంది. ఇది ఇంజిన్ జబ్బు కాదు, గేర్ల జబ్బు కాదు. ఒక వైరు, ఒక జత పాయింట్లు, ఒక కండెన్సర్, మహా అయితే సరైన కాయిల్ ఒకటి. దీని కోసం మీ నాన్నగారి బండిని తుక్కు కింద తూకానికి వేయొద్దు. ఈ పరీక్షలు చేసేటప్పుడు తమ్ముణ్నే పక్కన పెట్టుకుని సెల్ఫ్ కొట్టమనండి.

అరసవల్లికి తప్పకుండా వెళ్లండి. కానీ రథసప్తమి నాడు శ్రీకాకుళంలో బళ్లు ఎలా కదులుతాయో మీకు తెలుసు, అంగుళం అంగుళం, అంతా ఐడిలే, మీ బండి భయపడేది కూడా దానికే. అందుకని పనంతా అయ్యాక, పండక్కి కనీసం రెండు వారాల ముందు, ఒక ఆదివారం టెక్కలి నుంచి కోటబొమ్మాళి దాకా వెళ్లి వచ్చి, ఇంటి ముందు ఆపకుండా 20 నిమిషాలు ఐడిల్‌లో వదిలేయండి. తర్వాత ఇంజిన్ ఆపి, తాళం తీసి, కాయిల్ ఒళ్లు చేత్తో పట్టుకోండి. వెచ్చగా, కాస్త చురుక్కుమన్నా చెయ్యి కొన్ని సెకన్లు నిలబడితే అమ్మని ఎక్కించుకోవచ్చు. చెయ్యి వెంటనే వెనక్కి వచ్చేస్తే బస్సులో వెళ్లి రండి, ఓముల అంకె, బ్యాటరీ నుంచి కాయిల్ దాకా పడిన వోల్టులు, ఈ రెండూ కాగితం మీద రాసి నాకు పంపండి, అక్కడి నుంచి చూద్దాం.